తీతువు మోసిన తడి

శ్రీరామనవమి నాటి పానకమును, వడపప్పును పుచ్చుకొని బయలుదేరి, ప్రొద్దు వాలునప్పటికి అమరచింత చేరిన నాకు, ఆనాటి నుండి చైత్ర పూర్ణిమ వెళ్లువరకు ఏడు దినములు, ఉదయమొకమారు సాయంకాలమొకమారు జూరాల జలాశయపు ఒడ్డున కూర్చుండు భాగ్యము లభించినది. బంధువుల ఇంట పెండ్లి మాటలు నడుచుచుండెను. అట్టి సమయమున నావంటి ముసలివాడు చేయదగిన సాయము అడ్డు రాకుండుటయే గనుక, నందిమల్ల వైపు ఒడ్డున ఒక నల్లరాతిని ఎన్నుకొని దానినే ఆసనముగా చేసికొంటిని. ఈ ఏడు దినములలో ఎండ ముదిరినది, గాలి మారినది, ఒకనాడు మబ్బు పట్టి వాన కురిసినది, చంద్రుడు నిండినాడు, నీరు తగ్గినది. చెప్పవలసిన సంఘటనలు ఇంతకు మించి లేవు. ఐనను ఈ స్వల్ప విషయమును ఆశ్రయించి, మనస్సులో చిరకాలముగా నానుచున్న ప్రశ్న ఒకటి పైకి తేలినది: కండ్ల యెదుట తరిగిపోవుచున్న దానిని చూచి మనుష్యుడు విరక్తుడు కావలెనా, లేక దానిని నిలుపుటకై పాటుపడవలెనా? మన శాస్త్రములు రెంటినీ చెప్పినట్లే తోచును. రెండును ఒక్క హృదయములో ఎట్లు ఇముడును?

ఊరి పేరే ఆలోచనకు త్రోవ చూపునది. చింత యనగా తెలుగువానికి మొదట తోచునది నీడనిచ్చు చెట్టు. తరువాత తోచునది మనస్సును తొలుచు దిగులు. వేదాంతుల నోట అదే మాట ధ్యానము. చావులేని చెట్టో, చావులేని దిగులో, చావులేని ధ్యానమో, ఆ పేరులో నాకు మూడును వినబడుచునే యుండెను. ఒకప్పుడిది ఆత్మకూరుతో జతపడిన సంస్థానము; గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాల్‌పేటలతో పాటు పాలమూరు సీమలో పేరు గన్నది. 1948లో నైజాము దొరతనము ముగియగా ఈ సంస్థానములును దాని వెంటనే చరిత్రలో కలిసినవి. 2016లో వనపర్తి జిల్లా యేర్పడగా ఈ ఊరు అందులో చేరినది. గడీలు పాడువడినను, కురుమూర్తి స్వామి జాతరకు ఆభరణములు ఆత్మకూరు నుండి ఊరేగింపుగా పోవుట మానలేదు. మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని పట్టుచీర నేయువాడు నేత మానలేదు. ఏది పోవును, ఏది నిలుచును అను విచారణ ఇచ్చట పండితుల గోష్ఠులకే పరిమితము కాదు, వీధులలో తిరుగుచున్నది.

జూరాలను నిజమునకు సరస్సు అనరాదు. అది కట్టకు ఆగిన కృష్ణ. మహాబలేశ్వరమున పుట్టి, రెండు రాష్ట్రములను దాటి, భీమను కలుపుకొని తెలంగాణమున కాలుపెట్టిన ఆ నదికి, ఈ గడ్డమీద మొదట అడ్డుపడు పెద్ద కట్టడము ఇదియే. 1981లో పునాదిరాయి పడిన ఈ ప్రాజెక్టు ఎడమ కుడి కాలువల క్రింద లక్ష ఎకరములకు పైగా ఆయకట్టు కలదు. పూర్తి నీటిమట్టము సముద్రమునకు 318.516 మీటర్ల ఎత్తున నున్నది. నిండుగ నున్నప్పుడు పట్టునది 9.657 టీఎంసీలు మాత్రమే. పరపు మిక్కిలి, లోతు తక్కువ. అట్టి నీటికి ఎండ పొంచియున్న పగవాడు. మట్టము జానెడు దిగెనన్న అంచు పది అంగలు వెనుకకు నడచును. ఎగువ ఆలమట్టి, నారాయణపురముల వాకిళ్లు తెరచుకొని వరద వచ్చుటకు ఇంకను మూడు నెలలు గడువవలెను. నవమినాటి సాయంకాలము నా రాతి నుండి నీటి అంచునకు అంగలు లెక్కించితిని: పదునాలుగు.

రోహిణికి రోళ్లు పగులునని సామెత. ఆ రోహిణి ఇంకను దూరముననే యున్నది. ఇది అశ్విని కార్తె, ఎండకు యౌవనము వచ్చు కాలము. తెల్లవారుజామున గాలి యాడదు. నీరు నూనె పోసినట్లు నిశ్చలముగా నుండి, ఆవలి ఒడ్డున గద్వాల వైపు తుమ్మచెట్లు తలక్రిందులుగా స్పష్టముగా కనబడును. పది గంటలకు రాయి కాలనారంభించును. రెండు దాటిన పిమ్మట పడమటి గాలి లేచి నీటిని సన్నని ముడుతలుగా మడచును. ఎండిన బురదమీద సుడిగాలి ఒకటి పుట్టి, తుంగ పుల్లలను, ఎవరో పారవేసిన ప్లాస్టిక్ సంచిని పైకెత్తి, కొంతసేపు ఆడించి, విసుగు పుట్టినట్లు విడిచిపెట్టును. దశమియు, ఏకాదశియు ఇట్లే గడచినవి. వేపపూత వాసన గాలిలో నుండెను. నీటి అంచున బురద మొదట నల్లగా నిగనిగలాడి, మరునాటికి బూడిదవన్నె దాల్చి, మూడవనాటికి పెంకులవలె విచ్చుకొని అంచులు పైకి లేచుచుండెను.

ఏకాదశి ఉదయమున, నిశ్చలమైన నీటిలో ఆకాశమును చూచుచుండగా, విద్యారణ్యస్వామి పంచదశిలోని చిత్రదీప ప్రకరణము స్మృతికి వచ్చినది. ఆకాశ మొక్కటియే యైనను నాలుగు విధములుగా వ్యవహరింపబడునని అందు చెప్పబడినది. కుండలో ఇమిడినది ఘటాకాశము. ఆ కుండలోని నీటిలో ప్రతిఫలించినది జలాకాశము. అంతటను నిండినది మహాకాశము. మేఘమందలి సూక్ష్మజలములో ప్రతిఫలించునది మేఘాకాశము. కూటస్థుడు, జీవుడు, బ్రహ్మము, ఈశ్వరుడు అను నలుగురకు ఈ నాలుగును దృష్టాంతములు. జీవుడు జలాకాశము వంటివాడు: నీరు కదలిన కదలును, మలినమైన మలినమగును, తరిగిన తరుగును; కాని నిజమైన ఆకాశమునకు ఈ కదలికయు లేదు, ఈ తరుగుదలయు లేదు. ఎన్నడో చదివి, అర్థమైనదనుకొని పుస్తకము మూసిన ఈ మాట నా యెదుట ఏడెనిమిది మైళ్ల పరపున వ్యాఖ్యానముతో సహా పరచియున్నది. మధ్యాహ్నము గాలి లేచినంతనే నీటిలోని ఆకాశము వేయి ముక్కలయ్యెను. తలయెత్తి చూచితిని, పైనున్నదానికి గీటైనను పడలేదు.

ఈ సమాధానమునకు తోడుగా మరియొక దృశ్యము జ్ఞప్తికి వచ్చినది. ఇదే కృష్ణ క్రిందికి పోయి శ్రీశైలము కట్టకు ఆగినచోట, ముచ్చుమర్రి దాపున సంగమేశ్వరాలయము మునిగియున్నది. ఏడు నదుల సంగమమని ప్రసిద్ధిగన్న ఆ తావున, వేపమొద్దు లింగమై వెలసిన స్వామి సంవత్సరములో అధికభాగము నీటి అడుగున నుండి, ఎండకాలమున నీరు తగ్గినప్పుడు గోపురము, పిమ్మట గోడలు, తుదకు గర్భగుడి బయటపడగా, భక్తులకు దర్శనమిచ్చును. అచ్చట నీరు తగ్గుట నష్టము కాదు, తెర తొలగుట. ఉపాధి క్షీణించిన కొలది సత్యము బయటపడునని వేదాంతి చెప్పు మాటకు ఇంతకన్న సాకారమైన ఉదాహరణ తెలుగునేల మీద దొరకదు. ఈ తలపుతో ఆనాడు నేను మిక్కిలి తృప్తుడనై ఇంటికి పోయితిని. తృప్తి తొందరగా కలిగిన చోట ఏదో లెక్క తప్పియుండునని వృద్ధాప్యము నేర్పినదైనను, ఆ రాత్రి దానిని నేను గుర్తింపలేదు.

ద్వాదశినాడు లెక్క తప్పిన చోటు తెలిసినది. అంగలు ఇరువది యయినవి. ఎప్పటివలె రాతిమీద కూర్చుండగా ఒక తీతువు నా తలచుట్టును తిరుగుచు కర్ణకఠోరముగా కూయసాగెను. తీతువు కూసిన ఇంట కీడు కలుగునని మనవారు భయపడుదురు. పాపము ఆ పక్షి కూయునది మన కీడును గూర్చి కాదు, తన గుడ్లను గూర్చి. నాకు పదియడుగుల దూరమున, గులకరాళ్ల నడుమ, గూడని చెప్పుటకు పుల్లయైనను లేని గుంటలో నాలుగు గుడ్లున్నవి. బూడిదవన్నెపై నల్లని మచ్చలు. రాళ్లలో రాళ్లవలె నుండుటచేత మూడు దినములుగా ప్రక్కనే కూర్చున్న నాకు కనబడలేదు. నేను మెల్లగా లేచి దూరముగా తుమ్మనీడకు పోయి నిలుచుంటిని. పక్షి దిగినది, కాని తిన్నగా గుడ్ల కడకు పోలేదు. పచ్చని పొడుగుకాళ్లతో చిన్నచిన్న పరుగులు పెట్టుచు, మధ్యమధ్య ఆగి చుట్టు చూచుచు, నీటి అంచునకు పోయి, పొట్ట మునుగునట్లు నీటిలో కూర్చున్నది. అటునిటు కదలి ఈకలు బాగుగా తడిసిన పిమ్మట లేచి, ఆ తడితోనే వచ్చి గుడ్లమీద కూర్చున్నది. కాలుచున్న రాళ్లమీద గుడ్లు ఉడికిపోకుండ చల్లబరచు ఉపాయమిది. ఆ మధ్యాహ్నము అది అట్లు పోయివచ్చుట నేను అయిదుమార్లు చూచితిని. నీరు వెనుకకు పోయిన ప్రతి అంగకును దానికి త్రోవ ఒక అంగ పెరిగినది.

జలాకాశమును మహాకాశమును వేరుపరచి తృప్తిపడిన నా వేదాంతము ఆ పక్షి యెదుట సిగ్గుపడినది. ఆకాశము ఎండదను మాట సత్యమే. కాని ఆ సత్యము గుడ్లకు తడి యగునా? నీరు మిథ్యయని చెప్పి ఒడ్డున కూర్చున్నవాడు, ఆ నీటివలన బ్రతుకుచున్న ప్రాణులకు ఏమి చెప్పినట్లు? తనకు అవసరము లేని దానిని మిథ్య యనుట సులభము. సాయంకాలము ఇంటికి పోయి చెంబెడు మంచినీరు గటగట త్రాగిన పిమ్మట నీటి అనిత్యతను గూర్చి ప్రసంగించువాని వైరాగ్యమును నేను నాలోనే ఆనాడు కనుగొంటిని.

అచ్చటనే బోర్లించిన పుట్టి నీడన ఒక ముసలి బెస్త చినిగిన వలను బాగుచేసికొనుచుండెను. నా వంటివారితో మాటలాడుట అతనికి కొత్త కాదు. జూరాల చేపలు తినుటకు ఎక్కడెక్కడివారో వచ్చుదురు. "తాతా, నీళ్లు రోజురోజుకు తగ్గుతున్నాయి, నీకు దిగులుగా లేదా?" అని అడిగితిని. అతడు తలయెత్తకయే, "దిగులు పడితే నీళ్లు ఆగుతయా సారూ? నీళ్లు పోతయి, మళ్ల వస్తయి. వచ్చేనాటికి వల సక్కగ ఉండాలె గద," అనెను. కొంతసేపటికి తానే, "నీళ్లు దిగినంక మొసళ్లు ఒడ్డు మీదికొస్తయి. చీకటి పడ్డంక ఆ రాయి మీద కూసోకు," అని హెచ్చరించెను. తత్త్వము చెప్పినవాడే ప్రాణరక్షణమును చెప్పెను. అతనికి ఈ రెండును వేరువేరు ప్రకరణములు కావు.

త్రయోదశినాడు ప్రొద్దుటి నుండియే ఉక్కపోత. గాలి స్తంభించినది, నైరుతి మూల మబ్బు కాటుకవలె పేరుకొన్నది. సాయంకాలము ధూళి లేచి, వెంటనే ఉరుములతో వాన దిగినది. నడుమ కొంతసేపు సెనగగింజలంతేసి వడగళ్లు. నేను ఒక రేకుల పాకలోనికి పరుగెత్తితిని. నీటికై మొగము వాచియున్న సీమలో వాన వచ్చెనని సంతోషించితిని గాని, పాకలో నాతోపాటు తలదాచుకొన్న రైతు మొగమున సంతోషము లేదు. యాసంగి వడ్లు కోసి కల్లములో ఆరబోసియున్నాడు, టార్పాలిన్ చాలదు. ఎగువ నీటిని కోరువానికి వరమైన మేఘము కల్లములోని వానికి శాపమైనది. అంత వాన కురిసియు, మరునాడు కొలిచి చూడగా నీటి అంచు ఒక్క అంగయైనను ముందుకు రాలేదు. తీతువు గుంటకు పోయి దూరమునుండి చూచితిని. గుడ్లు మూడే యున్నవి. నాలుగవది వడగంటికి పగిలెనో, కాకి యెత్తుకొని పోయెనో తెలియదు; పక్షి మాత్రము ఎప్పటివలె నీటికి పోయి వచ్చుచున్నది.

తీతువును సంస్కృతమున టిట్టిభ మందురు. పంచతంత్రములో టిట్టిభము గుడ్లను సముద్రము హరింపగా, ఆ పక్షి సముద్రమునే ఇంకింప పూనుకొన్న కథ మనలో చాలమంది చిన్ననాడు విన్నదే. ఈ కథకు వేదాంతములోను స్థానము కలదు. గౌడపాదాచార్యులు మాండూక్య కారికలలోని అద్వైత ప్రకరణమున, మనోనిగ్రహమునకు కావలసిన ఓర్పును చెప్పుచు, దర్భకొనతో ఒక్కొక్క బిందువుగా సముద్రమును తోడుటతో పోల్చినారు. మధుసూదన సరస్వతి గీత ఆరవ అధ్యాయమునకు వ్యాఖ్య వ్రాయుచు ఆ పోలికతో ఈ పక్షికథను చేర్చినారు: ఎవరెన్ని చెప్పినను మానక ముక్కుతో సముద్రమును తోడుచున్న పక్షిని చూచి నారదుడు కరుణించి గరుత్మంతుని పంపగా, సముద్రుడు భయపడి గుడ్లను తిరిగి యిచ్చెనట. కథలోని పక్షి గుడ్లకై నీటిని వెలికి తోడినది. నా యెదుటి పక్షి గుడ్లకై నీటిని ఒడ్డునకు మోయుచున్నది. దిశ మారినది గాని పాటు మారలేదు.

ఇందు నన్ను నిలువరించిన విశేషము వేరు. కుండ పగిలినను ఆకాశము పగులదను ఘటాకాశ దృష్టాంతముతో ఆత్మ స్వరూపమును విడమరచినదియు గౌడపాదుల ఆ అద్వైత ప్రకరణమే. బిందువు బిందువుగా తోడుమని చెప్పినదియు ఆ ప్రకరణమే. ఏదియు పుట్టదు, ఏదియు నశింపదు అని ఘోషించిన ఆచార్యుడు, అదే నోట విసుగు లేక పాటుపడుమని యేల చెప్పవలెను? గీతలోను ఇట్టి చిక్కే కలదు. రెండవ అధ్యాయమున, బుద్ధి మోహమను బురదను దాటినప్పుడు నిర్వేదము కలుగునని భగవానుడు దానిని ఫలముగా చెప్పెను. ఆరవ అధ్యాయమున, నిర్వేదము లేని చిత్తముతో యోగము చేయవలెనని విధించెను. ఆలంకారికులలో మమ్మటుడు నిర్వేదమును శాంతరసమునకు స్థాయిభావముగా నిలిపెను. ఒకచోట కోరదగినది, మరియొకచోట విడువదగినది యగుచున్న ఈ నిర్వేదము ఒక్కటియేనా?

నాకు తోచిన సమాధాన మిది. నిర్వేదము ఫలమునందు కలిగిన వైరాగ్యమగును. ప్రయత్నమునందు కలిగిన సోమరితనమగును. మాట ఒక్కటియైనను ఆశ్రయము వేరు. మనము సాధారణముగా చేయు తప్పు ఈ రెంటిని తారుమారు చేయుట: ఫలమునందు ఆశ విడువము, పనియందు మాత్రము విరక్తుల మగుదుము, విడువలేని ఆశకు విడిచిన పని జతపడినచో పుట్టునది దిగులు, దానికే మనము వైరాగ్యమని గౌరవనామము పెట్టుదుము. ఎండుచున్న నీటిని చూచి "అంతయు ఇంతే" అనువాడు ఆకాశమును తెలిసినవాడు కానక్కరలేదు. నడచుటకు బద్ధకించినవాడు కావచ్చును. నాలుగవ గుడ్డు పోయినదని కూలబడక, మిగిలిన మూడింటికి తడి మోయు పక్షికి వేదాంతము తెలియదు. తెలిసిన మనకు ఆ నడక లేదు.

మన పెద్దలకు ఈ భేదము తెలిసియుండెననుటకు చెరువులే సాక్ష్యము. తనయుడు, తటాకము, కావ్యము, నిధి, ఆలయము, వనము, అగ్రహారము అని సప్తసంతానములను లెక్కించినప్పుడు వారు కొడుకు సరసనే చెరువును కూర్చుండబెట్టినారు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము, 1369 నాటిది, బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు వేయించినది, చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగని ఆరు దోషములను శాస్త్రముగా చెప్పుచు, వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిన వైనమును రాతిపై నిలిపినది. ఆ అంగములలో మొదటిది ధర్మపరుడైన రాజు, ఆ పిమ్మటిది జలశాస్త్రము తెలిసిన పండితుడు. దోషములలో ఒకటి కట్ట నుండి నీరు కారుట. సంసారము అనిత్యమని ఎరిగిన కాలమది. విద్యారణ్యులు జీవించిన కాలము. ఒండ్రు చేరి చెరువు పూడునని, కట్టకు ఏటేట మన్ను వేయవలెనని ఎరిగియే వారు కట్టినారు. ఒకే తరములో ఒకరు జలాకాశము మిథ్యయని వ్రాయుచుండగా మరియొకరు జలమును నిలుపుటకు రాయి పేర్చుచుండిరి. వారిద్దరికిని నడుమ వైరము నాకు కనబడదు. ఆకాశము ఎండదని నమ్మినవానికి నీటికై పాటుపడునప్పుడు చేయి వణకదు; అంతియే.

చతుర్దశినాడు మబ్బు తొలగినది. పూర్ణిమనాడు పల్లెలలో హనుమంతుని ఉత్సవము. జయంతి యనువారు కొందరు, విజయోత్సవ మనువారు కొందరు. క్రిందుగా కృష్ణ ఒడ్డుననే బీచుపల్లి ఆంజనేయుని సన్నిధి కలదు. అటుపోవు కాషాయజెండాల ట్రాక్టరులు రెండు మూడు కనబడినవి. సుందరకాండలో లంకనంతయు వెదకి సీతను కానక నిర్వేదమున మునిగిన హనుమంతుడు, దానిని విదిలించుకొని, వెదకని తావులను వెదుకుటకు లేచుట నాకు అతని సముద్రలంఘనము కన్నను గొప్పదిగా తోచును. ఆ రాత్రి ముసలివాని హెచ్చరిక పాటించి రాతి దాపునకు పోక, కట్టమీదనే నిలిచి చూచితిని. నీరు వెనుదీసిన బురదలో గేదెల గిట్టలు దిగిన గుంటలలో వాననీరు మిగిలియున్నది. గిట్టగుంట కొక్కటి చొప్పున పూర్ణచంద్రుడు కనబడుచుండెను. రేపటి ఎండకు ఆ గుంటలన్నియు ఎండును.

మరునాటి ఉదయమున బస్సు నెక్కుటకు ముందు ఒక్కమారు ఒడ్డునకు పోయి అంగలు కొలిచితిని. ఇరువదియారు. గుడ్లు మూడు, తీతువు వాటిమీద కూర్చుండియున్నది, దాని పొట్ట క్రింది ఈకలు తడిగా నున్నవి.